150 లీటర్ల ఉప్పునీటిలో ఒక డెరాసా

రీఫ్ అక్వేరియం, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, పెట్టుకున్న వారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు జెయింట్ క్లామ్ మీదికి మనసు పోతుంది. నీలం, ఆకుపచ్చ, బంగారు రంగులు కలిసిన కండ మడతను, అంటే మాంటిల్‌ను రెండు చిప్పల మధ్య నుంచి బయటికి పరచుకుని కదలకుండా ఉండే ఈ ఆల్చిప్పకు మేత వెయ్యనక్కర్లేదని, మంచి వెలుతురు ఉంటే చాలునని దుకాణాల్లో చెబుతారు. ఆ మాటలో అబద్ధం లేదు కానీ ఉన్నది సగం నిజమే. డాలస్ శివార్లలోని మా ఇంట్లో 150 లీటర్ల ట్యాంకులో ట్రైడాక్నా డెరాసా జాతి క్లామ్‌ను పెంచుతూ నేను గమనించినంతలో, చిన్న ట్యాంకులో క్లామ్ బతుకు వెలుతురు కన్నా, మేత కన్నా నీటి నిలకడ మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. చిన్న ట్యాంకుకు స్వభావరీత్యా కొరవడేది సరిగ్గా ఆ నిలకడే.

జెయింట్ క్లామ్‌లన్నీ ఒక్క తీరువి కావు. ఈ కుటుంబానికి పేరు తెచ్చిన ట్రైడాక్నా గైగాస్ మీటరుకు పైగా పెరిగి 200 కిలోలు దాటే జంతువు కాబట్టి మామూలు ఇంటి ట్యాంకులలో దాని ప్రసక్తి రాదు. అన్నిటిలోకీ చిన్నది క్రోసియా. అది 15 సెంటీమీటర్లకు మించి అరుదుగా పెరుగుతుంది, బండను తొలుచుకుని అందులోనే జీవితమంతా గడుపుతుంది. మాక్సిమా అంతకన్నా కొంత పెద్దది, రంగుల వైవిధ్యంలో ఈ రెండింటికీ మిగతావి సాటిరావు. డెరాసా అర మీటరు దాకా ఎదగగలదు. కేవలం కొలతలు చూస్తే చిన్న ట్యాంకుకు క్రోసియా గానీ మాక్సిమా గానీ తగినవనిపిస్తుంది, చాలామంది అలాగే కొంటారు కూడా. నా అభిప్రాయం వేరు. సముద్రంలో ఆ రెండూ లోతు తక్కువ నీటిలో, ఎండ నేరుగా తగిలే చోట ఉండేవి. వాటికి సరిపడా వెలుతురును చిన్న ట్యాంకు మీద పెడితే కింద ఉన్న మెత్తని పగడాలు తట్టుకోలేవు. పైగా నీటిలోని ఒడుదుడుకులను డెరాసా ఓర్చుకున్నంతగా అవి ఓర్చుకోవు. డెరాసా పెద్దదవుతుంది, నిజమే, అయితే అది ముందే తెలిసిన విషయం, సంవత్సరాల తరబడి జరిగే విషయం. అది పాతిక సెంటీమీటర్లకు వచ్చాక పెద్ద ట్యాంకు ఉన్న వారికి అప్పగించే ఏర్పాటు గురించి కొన్న దుకాణంవారితో కొనేనాడే మాట్లాడుకున్నాను. ముందు చూపు లేకుండా వచ్చే చిక్కుల కన్నా తేదీ తెలిసిన చిక్కు నయం.

డెరాసాను ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. జెయింట్ క్లామ్‌లను గుడ్ల దశ నుంచి పెంచే పద్ధతి 1980లలో పసిఫిక్‌లోని పలావు ద్వీపదేశంలో, కొరోర్ దగ్గరి మారికల్చర్ (సముద్ర జీవుల పెంపకపు) కేంద్రంలో బాగా నిలదొక్కుకుంది. ఆ పెంపకానికి మొదటి నుంచీ బాగా లొంగిన జాతి డెరాసా. మాంసం కోసం, చిప్పల కోసం విచ్చలవిడిగా ఏరివేయడంతో సముద్రంలో ఇవి తగ్గిపోతున్న కారణంగా జెయింట్ క్లామ్‌లన్నీ 1985 నుంచి, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నాయి, అంటే అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించడం కుదరదు. 2024లో అమెరికా ప్రభుత్వపు సముద్ర మత్స్య విభాగం వీటిని అంతరించే జీవుల చట్టం కిందికి తేవాలని ప్రతిపాదించింది కూడా. అందువల్ల ఇక్కడ కొనేవారు అప్పటికి అమలులో ఉన్న నిబంధనలు చూసుకుని, పెంపకం కేంద్రం నుంచి వచ్చినదని దుకాణంవారు చూపగలిగిన దాన్నే తీసుకోవడం మంచిది.

హైదరాబాదులోనో విశాఖలోనో ఇదే ప్రయత్నం చేద్దామనుకునే మిత్రులకు మాత్రం వద్దనే చెబుతాను. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో మాక్సిమా, స్క్వామోసా, హిప్పోపస్ క్లామ్‌లను 2001లో చేర్చారు. పగడాలను కూడా ఆ సంవత్సరమే చేర్చారు. ఎవరైనా రహస్యంగా అమ్ముతున్నా కొనడం నేరమే. అండమాన్‌లో స్థిరపడిన తెలుగువారు తక్కువేమీ కాదు. అక్కడికి చుట్టపుచూపుగా వెళ్ళేవారు నీటి అద్దాలు పెట్టుకుని పగడపు దిబ్బల మీద తేలుతూ చూస్తే, బండల సందుల్లో ఉన్న మాక్సిమాలను ఏ ట్యాంకులోనూ కనిపించనంత నిండు రంగుల్లో చూడవచ్చు.

ఇక వెలుతురు సంగతి. క్లామ్ మాంటిల్‌లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. పొట్ట నుంచి బయలుదేరి మాంటిల్‌లోకి వ్యాపించే సన్నని నాళాలలో ఉంటూ, పగటి వేళ కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన చక్కెరలలో ఎక్కువ భాగాన్ని క్లామ్‌కు అందిస్తాయి. మనం మురిసిపోయే నీలి మెరుపు మాత్రం ఆ శైవలాలది కాదు, వాటి పైన ఉండే ఇరిడోసైట్లు అనే కణాలది. 2014లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం ఈ కణాలు పైనుంచి పడే కాంతిని కణజాలం లోపలికి చెదరగొట్టి, నిలువు స్తంభాలుగా పేర్చి ఉన్న శైవలాలకు లోతు దాకా సమంగా పంచుతాయి. శైవలాలకు పనికిరాని రంగులను చాలావరకు వెనక్కి పంపేస్తాయి. ఆ వెనక్కి వచ్చిన వెలుతురే మనకు రంగుగా కనిపిస్తుంది. అందుకే ముందు గాజు నుంచి చూస్తే గోధుమరంగుగా తోచే క్లామ్‌ను పైనుంచి చూడగానే నీలి చారలు, ఆకుపచ్చ చుక్కలు బయటపడతాయి. ట్యాంకు ఎత్తు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉండాలని నేను పట్టుబట్టినదీ ఇందుకే. మా ట్యాంకు ఎత్తు 40 సెంటీమీటర్లే కాబట్టి వంగి చూస్తే మాంటిల్ మొత్తం కనిపిస్తుంది, ఇసుక మీదికి కూడా వెలుతురు బాగా చేరుతుంది.

ఎంత వెలుతురు అన్నది కంటితో తేల్చే విషయం కాదు. శైవలాలకు పనికొచ్చే కాంతిని కొలిచే పార్ మీటరుతో చూస్తే డెరాసా ఉన్నచోట 150 నుంచి 250 మధ్య ఉండాలి. మాక్సిమా, క్రోసియాలకు 250 నుంచి 400 దాకా అవసరమవుతుంది. మీటరు ఖరీదైనదే గానీ అక్వేరియం క్లబ్బులలో కొన్ని దాన్ని సభ్యులకు అరువిస్తాయి. ఎల్‌ఈడీ దీపాలు రోజుకు తొమ్మిది గంటలు వెలిగితే చాలు. కొత్తగా తెచ్చిన క్లామ్‌కు మొదటి రోజు నుంచే పూర్తి వెలుతురు ఇవ్వకుండా, దీపాల తీవ్రతను సగానికి తగ్గించి వారానికి కొంత చొప్పున పెంచుకుంటూ పోవాలి.

నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేది ఆల్కలినిటీని, అంటే నీటిలోని కార్బొనేట్, బైకార్బొనేట్ల నిల్వను. క్లామ్ చిప్ప దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేట్. కాల్షియాన్ని, ఆల్కలినిటీని పూడ్చే రెండు భాగాల మందులు కొనేటప్పుడు అందరూ కాల్షియం గురించే అడుగుతారు గానీ చిన్న ట్యాంకులో ముందు తరిగిపోయేది అది కాదు. ఒక లెక్క వేసి చూపిస్తాను. బండలు, ఇసుక పోగా మా ట్యాంకులో నికరంగా 130 లీటర్ల నీరుంది. క్లామ్ చిప్ప బరువు 10 గ్రాములు పెరిగిందనుకుంటే అందులో కాల్షియం 4 గ్రాములు. దాన్ని 130 లీటర్లకు పంచితే లీటరుకు 31 మిల్లీగ్రాములు వస్తుంది; 420 ఉన్న కాల్షియం 389కి దిగుతుంది, క్లామ్‌కు దానివల్ల పెద్ద కష్టమేమీ ఉండదు. అదే 10 గ్రాముల చిప్పకు ఆల్కలినిటీ లెక్క వేస్తే 4.3 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) ఖర్చవుతుంది, అంటే 8.5 ఉన్న నీరు 4.2కు పడిపోతుంది. ఒకటి సుమారు పద్నాలుగింట ఒక వంతు తగ్గేలోపల రెండవది సగానికి సగం ఖాళీ అవుతుంది. ఇదే క్లామ్ వెయ్యి లీటర్ల ట్యాంకులో ఉంటే ఆ తరుగు అర డీకేహెచ్ కన్నా కొంచెమే ఎక్కువ ఉండేది. యజమాని రెండు వారాలు ఊళ్ళో లేకపోయినా ఏమీ జరిగేది కాదు. చిన్న ట్యాంకు కష్టమంతా ఈ భాగహారంలోనే ఉంది.

పూడ్చడం మాత్రం చవకైన పనే. 130 లీటర్ల నీటిలో ఒక డీకేహెచ్ పెంచడానికి దాదాపు 4 గ్రాముల వంటసోడా, అంటే ఏమీ కలపని సోడియం బైకార్బొనేట్, సరిపోతుంది. అది ఇక్కడి భారతీయ సరుకుల దుకాణం పటేల్ స్టోర్‌లో పప్పుల పక్కనే దొరుకుతుంది. బేకింగ్ పౌడర్ మాత్రం వేరు, దాన్ని దరిచేరనివ్వకూడదు. కాల్షియం కోసం కాల్షియం క్లోరైడ్ ద్రావణాన్ని విడిగా తయారుచేసుకోవాలి, ఎందుకంటే రెండు ద్రావణాలూ ఒకేచోట కలిస్తే తెల్లగా విరిగి అడుక్కు చేరిపోతాయి. చిన్న ట్యాంకులో ప్రమాదం తరుగులో ఎంతుందో దిద్దుబాటులోనూ అంతే ఉంది. ఆల్కలినిటీ 6కు పడిపోయిందని కంగారుపడి ఒకే పూటలో 9కి లేపిన వారి క్లామ్‌లు, 6లో ఉన్నన్నాళ్ళూ తెరుచుకుని ఉండి, దిద్దిన మర్నాడు ముడుచుకోవడం నాకు తెలుసు. రోజుకు ఒక డీకేహెచ్‌కు మించి పెంచకూడదు. రెండు చిన్న డోసింగ్ పంపులు పెట్టి, రోజంతటికీ కావలసిన మోతాదును పన్నెండు విడతలుగా పంచి, వారంలో రెండుసార్లు ఒకే గంటకు పరీక్షించి మోతాదు సరిచూసుకోవడం నా పద్ధతి. కొందరు ఏడున్నర మంచిదంటారు, కొందరు తొమ్మిదంటారు. నా దృష్టిలో ఆ వాదనకు పెద్ద విలువ లేదు, ఏదో ఒక అంకె దగ్గర నిలిపి ఉంచడమే ముఖ్యం.

క్లామ్ ఎదుగుదల చూడాలంటే చిప్ప పై అంచును చూడాలి. కొత్తగా కట్టిన భాగం పాత చిప్ప కన్నా తెల్లగా, గోరు తగిలితే పెచ్చు ఊడేంత పలుచగా ఒక సన్నని గీతగా ఉంటుంది. ఎదుగుతున్న డెరాసాలో ఆ తెల్లగీత ఎప్పుడూ ఉంటుంది. కొన్ని వారాలకు దాని మీద ఊదా రంగు నాచు పట్టి పాత చిప్పలో కలిసిపోతుంది, పైన మరో తెల్లగీత వస్తుంది. ఊదా రంగు అంచు దాకా వచ్చేసి కొత్త తెలుపు కనిపించడం మానేస్తే ఎదుగుదల ఆగినట్టే, టెస్ట్ కిట్ తీయవలసిన వేళ అయినట్టే.

ఉప్పదనం విషయంలోనూ ఇదే భాగహారం వర్తిస్తుంది. టెక్సస్ ఎండాకాలంలో ఏసీ నడిచే ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రోజుకు రెండు లీటర్లు ఆవిరైపోవడం మామూలే. ఉప్పు ఆవిరి కాదు గనుక నాలుగు రోజులు పట్టించుకోకపోతే 35 ఉన్న లవణీయత 37 దాటుతుంది. నీటి మట్టం చూసి మంచినీటిని తనంతట తానే చేర్చే ఆటో టాప్ ఆఫ్ పరికరం చిన్న ట్యాంకుకు విలాసం కాదు, దీపాల తర్వాత కొనవలసిన మొదటి వస్తువు. ఆ మంచినీరు కూడా ఆర్‌వో డీఐ నీరే, అంటే కరిగిన లవణాలన్నీ వడగట్టి తీసేసిన నీరే, అయి ఉండాలి. ఇక్కడి కుళాయి నీటిలో క్లోరమైన్ కలుపుతారు, పాత ఇళ్ళ గొట్టాల నుంచి రాగి కూడా దిగవచ్చు. చేపలు కొంతవరకు భరించే రాగి క్లామ్‌కు విషం. చేపల జబ్బుకు రాగి మందు వాడిన ట్యాంకులో క్లామ్‌ను పెట్టనే కూడదు.

వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. 30 దాటితే పగడాల మాదిరిగానే క్లామ్ కూడా శైవలాలను వదిలేసి తెల్లబారుతుంది. నీరు తక్కువైనప్పుడు వేడి ఎక్కడమూ దిగడమూ రెండూ త్వరగానే జరుగుతాయి. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి టెక్సస్‌లో లక్షల ఇళ్ళకు కరెంటు పోయినప్పుడు ఆ తేడా అందరికీ అనుభవమైంది. అప్పటి నుంచి బ్యాటరీతో నడిచే గాలి పంపులు రెండు, ట్యాంకు చుట్టూ కప్పడానికి మందపాటి బొంత ఒకటి అక్వేరియం సామానులో భాగమయ్యాయి.

మేత విషయంలో దుకాణంవారు చెప్పని మిగతా సగం ఇదీ. శైవలాలు ఇచ్చేది ప్రధానంగా శక్తినిచ్చే చక్కెర. కండ కట్టడానికి కావలసిన నత్రజని, భాస్వరం క్లామ్ నీటి నుంచి తీసుకోవాలి. లోపలికి పీల్చే సైఫన్ గుండా నీటిని లాగి, మొప్పలతో సూక్ష్మమైన తిండిని వడగట్టి, నీటిలో కరిగి ఉన్న అమ్మోనియాను, నైట్రేట్‌ను కూడా శైవలాలకు అందిస్తుంది. అందుచేత నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా చూపించే అతి శుభ్రమైన ట్యాంకులో క్లామ్ చిక్కిపోతుంది. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 (లీటరుకు మిల్లీగ్రాములలో) చుట్టుపక్కల ఉంటే మా డెరాసా సంతోషంగా ఉంది. రెండు క్లౌన్ చేపలకు, ఒక గ్రామా చేపకు వేసే మేతే ఆ అంకెలను నిలబెడుతోంది. 5 సెంటీమీటర్ల లోపు పిల్ల క్లామ్‌లకు ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ శైవలాలు) పోయాలంటారు. అంత చిన్న క్లామ్‌లు దొరికినా నేను కొనను, చిన్న ట్యాంకులో సీసాలతో పోసే తిండి క్లామ్‌కు అందే దానికన్నా నీటిని పాడుచేసేది ఎక్కువ. 8 సెంటీమీటర్ల పైన ఉన్నదాన్ని కొనడమే సులువు.

కొనేటప్పుడు నేను చేసే పరీక్ష ఒకటుంది. మాంటిల్ అంచు పొడవునా వందల కొద్దీ చిన్న కళ్ళుంటాయి. అవి స్పష్టమైన బొమ్మను చూడలేకపోయినా నీడను పసిగడతాయి. దీపానికీ క్లామ్‌కూ మధ్య అరచేతిని మెల్లగా ఆడిస్తే ఆరోగ్యంగా ఉన్నది వెంటనే ముడుచుకోవాలి. ముడుచుకోనిది, సైఫన్ రంధ్రం అదే పనిగా తెరుచుకుని ఉన్నది, మాంటిల్ నడుమ తెల్లబారినది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అప్పుడప్పుడు చిప్పలు ఠక్కున మూసి నీటిని చిమ్మడం జబ్బు కాదు, లోపలి వ్యర్థాన్ని కక్కుకోవడం. అడుగున ఉన్న రంధ్రం నుంచి బిస్సల్ దారాలు వచ్చి రాయికి అంటుకుంటాయి. అంటుకున్న క్లామ్‌ను పట్టి లాగితే ఆ దారాల మొదట్లో ఉన్న గ్రంథి చిరిగిపోతుంది, చాలా క్లామ్‌ల చావుకు కారణం అదే. నేను ఇసుకలో ఒక చదునైన రాతిపలకను పూడ్చి దాని మీద కూర్చోబెట్టాను, ఎప్పుడు కదపాలన్నా పలకతో సహా కదపవచ్చు. నీటి ప్రవాహం మాంటిల్‌ను మెల్లగా అలలాడించాలి, ఒకవైపు మడతపెట్టేంత బలంగా తగలకూడదు.

శత్రువులలో నేను భయపడేది పిరమిడెల్లిడ్ నత్తలకు. బియ్యపు గింజంత తెల్లని ఈ నత్తలు పగలు చిప్ప మడతల్లోనో ఇసుకలోనో దాగి, రాత్రి అంచుకు ఎక్కి సూదిలాంటి గొట్టాన్ని గుచ్చి క్లామ్ రసం పీలుస్తాయి. కొత్త క్లామ్‌ను తెచ్చిన రోజున పాత టూత్‌బ్రష్‌తో చిప్ప మడతలన్నీ తోమి, అడుగున జిగురుగా అంటుకున్న గుడ్ల ముద్దలు ఉంటే గీకేసి, ఆ తర్వాత కొన్ని వారాల పాటు దీపాలు ఆరిపోయిన రెండు గంటలకు ఎర్ర టార్చి వేసి చూడాలి. సిక్స్ లైన్ రాస్ చేప వీటిని ఏరుకుని తింటుందని చెబుతారు గానీ అది చిన్న ట్యాంకులో తోటి చేపలను బతకనివ్వదు. టార్చి, ఓపిక ఉన్నవారికి దాని అవసరం లేదు. ముళ్ళపురుగులను (బ్రిసిల్ వార్మ్‌లను) మాత్రం అనవసరంగా నిందిస్తారు, చచ్చిన క్లామ్‌లో అవి కనిపించేది తినడానికి వచ్చినందుకు, చంపినందుకు కాదు. మరుగుజ్జు ఏంజెల్ చేపలు, సీతాకోక చేపలు, పఫర్లు మాంటిల్‌ను కొరుకుతాయి కాబట్టి వాటి ఊసే వద్దు. క్లౌన్ చేపలు కొన్ని, తాము సహజంగా కాపురముండే ఎనిమోన్ అనే మెత్తని సముద్రజీవి లేనప్పుడు, క్లామ్‌నే ఇల్లుగా చేసుకుని రోజంతా రాసుకుంటూ దాన్ని తెరుచుకోనివ్వవు. మా వాటికి ఆ బుద్ధి పుట్టలేదు.

తెలుగువారి ఇళ్ళలో ఈ వ్యాపకానికి పెద్ద పరీక్ష ఇండియా ప్రయాణం. మూడు నాలుగు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్ళాలంటే ఆటో టాప్ ఆఫ్ డబ్బా రెండు లీటర్ల చొప్పున ఎన్నాళ్ళు వస్తుందో, డోసింగ్ సీసాలు ఎన్నాళ్ళు వస్తాయో లెక్కకట్టి నింపాలి. ప్రయాణానికి పది రోజుల ముందు నుంచి ట్యాంకులో కొత్తగా ఏ మార్పూ చెయ్యకూడదు. చేపల మేతను రోజుకొకటి చొప్పున చిన్న పొట్లాలుగా కట్టిపెట్టాలి. డబ్బా మొత్తం చేతికిస్తే, ఆకలితో ఉన్నాయేమోనని జాలిపడి నాలుగింతలు వేసేస్తారు. మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన, మా పిల్లలు తాతగారని పిలిచే ఆయన, ఈ పని చూసిపెడతారు. ఆయనకు నేను నేర్పింది డబ్బాలో మంచినీరు గీత దాకా నింపడం, పొట్లం విప్పడం, క్లామ్ మీద చేతినీడ పడేసి చూడడం. పగటిపూట మాంటిల్ లోపలికి ముడుచుకుని ఉన్నా, సైఫన్ రంధ్రం తెరుచుకునే ఉండి చేతినీడకు కదలకపోయినా, మాకు అక్కడ ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యమని, తక్కిన దేనికీ నీళ్ళలో చెయ్యి పెట్టవద్దని చెప్పి బయలుదేరతాం.